సిమ్ మనది, ఫోన్ మనది... తాళం ఎవరిది?

పోయిన మే నెలలో మా చిన్నమ్మ నంబరు మూడు రోజులు పనిచేయలేదు. దానికి కారణం టవర్ కాదు, గాలివాన కాదు, సిమ్ కంపెనీ కూడా కాదు. నేను. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టే నేను, ఒక్క సెట్టింగ్ చూడకుండా ఆమె సిమ్‌ని ఆపేయించాను. ఈ వారం ఆ కథే చెప్తాను. ఎందుకంటే ఇది సీజన్. మన ఊళ్ల నుంచి పిల్లలు ఎమ్మెస్‌కి విమానం ఎక్కేదీ, అక్కడి నుంచి ఫోన్లు సూట్‌కేసుల్లో మన ఇళ్లకి వచ్చేదీ ఇప్పుడే. మీ ఇంటికి కూడా అలాంటి ఫోన్ ఒకటి రావొచ్చు, లేదా మీరే ఒకటి పట్టుకుని పోతూ ఉండొచ్చు.

మాది వనపర్తి జిల్లా వీపనగండ్ల. హైదరాబాద్ నుంచి వస్తే 44వ నంబరు హైవే మీద పెబ్బేరులో దిగి లోపలికి రావాలి. జూరాల కాలువలో నీళ్లుంటే వరి, లేకపోతే పల్లి. చిన్నమ్మ వాళ్లకి మూడెకరాలుంది. వాళ్ల కొడుకు, అంటే నా తమ్ముడు, టెక్సస్‌లో ఎమ్మెస్ చేసి అక్కడే ఉద్యోగంలో చేరాడు. రోజూ రాత్రి తొమ్మిదికి, అంటే వాడికి పొద్దున, అమ్మకి ఫోన్ చేస్తాడు. చిన్నమ్మ ఫోన్ గ్లాసు మూలకి పగిలి రెండేళ్లయింది. వీడియో కాల్‌లో ఆమె మొహం మీద ఎప్పుడూ ఒక గీత కనపడేది. ‘అన్నా, అమ్మకి మంచి ఫోన్ పంపిస్తున్న, సెట్ చేసియ్యి’ అన్నాడు. పెళ్లికని ఇండియా వచ్చిన వాడి ఫ్రెండ్ హైదరాబాద్‌లో నా చేతికి ఇచ్చాడు. కొత్త ఐఫోన్, సీల్ కూడా తియ్యలేదు.

పిన్ను గుచ్చుదామంటే రంధ్రం లేదు

శనివారం మధ్యాహ్నం ఇంటికి చేరాను. చిన్నమ్మ ఐకేపీ సెంటర్ దగ్గర వడ్ల కుప్ప కాడ ఉంది, బాబాయిని కూర్చోబెట్టి వచ్చింది. ఫోన్ చేతికి ఇస్తే చీర కొంగుతో తుడుచుకుని మరీ పట్టుకుంది. ‘గిది నాకెందుకురా, ఏడన్న పడేస్తె?’ అంటూనే నాలుగు వైపులా తిప్పి చూసింది. నేను సిమ్ ట్రే కోసం వెతికాను. పక్కన లేదు, కింద లేదు. తర్వాత గుర్తొచ్చింది. 2022లో వచ్చిన ఐఫోన్ 14 దగ్గర్నుంచి అమెరికాలో అమ్మే ఐఫోన్లకి సిమ్ ట్రేనే తీసేశారు. అంతా ఈ-సిమ్. అంటే సిమ్ అనే ముక్క ఉండదు, ఆ సమాచారం నేరుగా ఫోన్‌లో ఉన్న చిప్‌లోకి దిగుతుంది.

‘అయితే ఏముంది, ఈ-సిమ్‌కి మారుద్దాం’ అనుకున్నాను. చిన్నమ్మది ప్రీపెయిడ్. ఆమె పాత ఫోన్ నుంచే మెసేజ్ పంపాను, నా మెయిల్ ఇచ్చాను, కంపెనీ నుంచి కన్ఫర్మ్ చెయ్యమని కాల్ వచ్చింది, ఒకటి నొక్కాను. క్యూఆర్ కోడ్ మెయిల్‌కి వచ్చింది. నా ఫోన్ హాట్‌స్పాట్ మీద ఐఫోన్‌లో స్కాన్ చేశాను. దిగింది. పాత ఫోన్‌లో సిగ్నల్ గీతలు పోయాయి. అంటే పాత సిమ్ ఆగిపోయింది, అంతా బాగానే జరుగుతోంది అనుకున్నాను. అప్పుడు ఐఫోన్ స్క్రీన్ మీద రెండే ముక్కలు: ‘సిమ్ నాట్ సపోర్టెడ్’.

రీస్టార్ట్ చేశాను. మళ్లీ అదే. సెట్టింగ్స్‌లో జనరల్‌కి, అందులో అబౌట్‌కి పోయి కిందికి జరిపితే ‘క్యారియర్ లాక్’ అని ఒక వరుస ఉంటుంది. దాని ఎదురుగా ‘నో సిమ్ రిస్ట్రిక్షన్స్’ అని ఉంటే ఏ కంపెనీ సిమ్ అయినా పడుతుంది. మా దాని ఎదురుగా ‘సిమ్ లాక్డ్’ అని ఉంది. ఇది ముందు చూడాల్సిన వరుస. సిమ్ మార్చడానికి ముందు పది సెకన్లు పెట్టి చూసి ఉంటే ఈ కాలమ్ రాసే పని ఉండేది కాదు.

ఇప్పుడు పరిస్థితి ఇది: పాత సిమ్ చచ్చిపోయింది. ఈ-సిమ్ తాళం వేసిన ఫోన్‌లో ఇరుక్కుంది. క్యూఆర్ ఒకసారి దిగాక ఇంకో ఫోన్‌లో పనిచేయదు. నంబరు మాత్రం గాల్లో ఉంది.

నంబరు పోతే ఏం పోతుంది

మనలాంటి వాళ్లకి నంబరు పోతే వాట్సాప్ ఉంటుంది, ఇన్‌స్టా ఉంటుంది, ఆఫీస్ మెయిల్ ఉంటుంది. చిన్నమ్మకి ఆ నంబరే అన్నీ. ఆధార్‌కి అదే, బ్యాంకుకి అదే, పట్టా పాస్‌బుక్‌కి అదే. ఇంట్లో వైఫై లేదు, కాబట్టి నెట్ కూడా ఆ సిమ్ మీదే.

ఆదివారం పొద్దున గ్యాస్ బండి వచ్చింది. సిలిండర్ దించే అబ్బాయి డెలివరీ కోడ్ అడిగాడు. కోడ్ ఏ నంబరుకి వస్తుందో మీకు తెలుసు. ‘మళ్లీ ఈ పక్కకి వచ్చినప్పుడు ఇస్త పెద్దమ్మా’ అని వెళ్లిపోయాడు. అతని తప్పేం లేదు, రూల్ అది.

అసలు దెబ్బ సాయంత్రం తెలిసింది. సెంటర్‌లో గన్నీ సంచులు, హమాలీలు రాగానే ఎవరి వంతు ఉంటే వాళ్లకి ఫోన్ చేసి పిలుస్తారు. బాబాయి అన్నానికని ఇంటికి వచ్చిన గంటలోనే మా వంతు వచ్చింది. నాలుగుసార్లు చేశారట. స్విచ్ ఆఫ్ అని వచ్చింది. వెనక వాళ్లు కాంటా పెట్టించుకున్నారు. ఆ రోజుల్లో సాయంత్రం అయితే చాలు మబ్బు పడుతోంది. ఆ రాత్రి, మరుసటి రాత్రి బాబాయి కుప్ప మీద పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, అక్కడే పడుకున్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

టెక్సస్‌లో తమ్ముడిది ఇంకో కథ. రాత్రి తొమ్మిదికి అమ్మ ఎత్తలేదు. స్విచ్ ఆఫ్. గంటకోసారి చేశాడు. అప్పటికి ఏం చెప్పాలో తేల్చుకోక నేను వాడి మెసేజ్‌కి జవాబు ఇవ్వలేదు. చివరికి రాత్రి పన్నెండింటికి పక్కింటి వాళ్లకి ఫోన్ చేసి, వాళ్లని లేపి, మా ఇంటికి పంపించాడు. ‘అమ్మకేమైంది?’ అని. కొత్త ఫోన్ పంపి అమ్మకి దగ్గరవుదామనుకున్న వాడికి ఆ రాత్రి అమ్మ గొంతు కూడా వినపడలేదు.

ఉత్తగ వచ్చిన ఫోన్

నేను వాడికి అసలు విషయం చెప్పాను. ‘అన్నా, ఫోన్ నాదే కదా. దొంగది కాదు కదా. ఫ్రీగా వచ్చింది’ అన్నాడు. ఫ్రీ అన్న దగ్గర నాకు అర్థమైంది.

అమెరికాలో పెద్ద కంపెనీలు ‘మా నెట్‌వర్క్‌కి రండి, ఫోన్ ఉచితం’ అంటాయి. లోపల లెక్క ఇలా ఉంటుంది. ఫోన్ ధర 800 డాలర్లు అనుకోండి. 36 నెలలకి పంచితే నెలకి సుమారు 22 డాలర్ల 22 సెంట్లు. ఆ మొత్తం ప్రతి నెలా మీ బిల్లులో పడుతుంది, అదే బిల్లులో అంతే మొత్తం తగ్గింపుగా కనపడుతుంది. కలిపితే సున్నా. చూడ్డానికి ఉచితం. కానీ మధ్యలో మానేస్తే తగ్గింపు ఆగిపోతుంది, మిగిలిన వాయిదాలన్నీ ఒకేసారి కట్టాలి. కొన్ని కంపెనీల్లో ఈ గడువు 24 నెలలు, కొన్నిట్లో 36. మొత్తం కట్టేదాకా ఫోన్‌కి తాళం ఉంటుంది. మా వాడు నాలుగు నెలల కింద కంపెనీ మారి ఈ ఫోన్ తీసుకున్నాడు. తాను పాత ఫోనే వాడుకుంటూ కొత్తది అమ్మ కోసం దాచాడు. తాళం తీయించాలంటే ఇంకా 711 డాలర్లు కట్టాలి. మన లెక్కలో అరవై వేల పైచిలుకు.

తాళం అంటే ఏంటో కూడా చెప్తాను, ఎందుకంటే చాలామంది దీన్ని ఫోన్ పాస్‌వర్డ్ అనుకుంటారు. ప్రతి సిమ్‌లో ఐఎమ్ఎస్ఐ అని ఒక నంబరు ఉంటుంది, మామూలుగా 15 అంకెలు. మొదటి మూడు అంకెలు దేశానివి. మన దేశానికి 404, 405. అమెరికాకి 310 నుంచి మొదలవుతాయి. ఆ తర్వాతి రెండు మూడు అంకెలు కంపెనీవి. తాళం వేసిన ఫోన్ ఏం చేస్తుందంటే, లోపలికి వచ్చిన సిమ్‌లో ఈ మొదటి అంకెలు చదివి, తనకి చెప్పిన కంపెనీవి కాకపోతే గేటు వేసేస్తుంది. ఫోన్‌లో రేడియో బాగానే ఉంటుంది, టవర్ బాగానే ఉంటుంది, సిమ్ బాగానే ఉంటుంది. మధ్యలో ఒక ‘ఇఫ్’ కండిషన్ ఉంటుంది. కోడ్ రాసేవాళ్లకి అర్థమవుతుంది.

‘వద్దులే, ఇక్కడే తీయిద్దాం’ అని నేను హైదరాబాద్‌లో ఒకరిద్దరిని అడిగాను. ఒకతను ఆరు వేలు ముందు ఇమ్మన్నాడు, సర్వర్ నుంచి తీస్తామన్నాడు, గ్యారంటీ లేదన్నాడు. ఐఫోన్ తాళం ఫోన్‌లో కాదు, ఆపిల్ సర్వర్‌లో ఆ ఫోన్ ఐఎమ్ఈఐ నంబరు పక్కన ఉంటుంది. తీయమని చెప్పాల్సింది ఫోన్ అమ్మిన నెట్‌వర్క్ కంపెనీ. మధ్యలో వాళ్లు చేసేది ఏదైనా తాత్కాలికం, లేదా మోసం. డబ్బులివ్వలేదు. ఆ వారం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది.

వనపర్తిలో సోమవారం

సోమవారం చిన్నమ్మని బండి మీద ఎక్కించుకుని వనపర్తికి పోయాను. సిమ్ ఎవరి పేరు మీద ఉందో వాళ్లే రావాలి, ఆధార్ తేవాలి, వేలిముద్ర లేదా ఫొటో ఇవ్వాలి. ఇరవై నిమిషాల్లో అదే నంబరు మీద ప్లాస్టిక్ సిమ్ చేతికి వచ్చింది. పగిలిన గ్లాసు ఫోన్‌లో వేశాం. కాల్స్ సాయంత్రానికి వచ్చాయి. ఎస్ఎమ్ఎస్‌లు మాత్రం రాలేదు.

ఇది కంపెనీ లోపం కాదు, రూల్. సిమ్ మార్చాక మొదటి 24 గంటలు ఎస్ఎమ్ఎస్‌లు ఆపాలని 2022లో టెలికాం శాఖ కంపెనీలకి చెప్పింది. మీ పేరుతో ఎవడో దొంగ సిమ్ తీసుకుని బ్యాంకు ఓటీపీలు పట్టుకోకుండా ఈ అడ్డు. 2024 జూలై 1 నుంచి ఇంకోటి కూడా వచ్చింది. సిమ్ మార్చిన ఏడు రోజుల వరకు వేరే కంపెనీకి పోర్ట్ అవ్వడానికి కోడ్ ఇవ్వరు. రెండూ మంచి రూల్సే. కానీ వీటి సంగతి తెలియకుండా సిమ్ మార్చితే ఇరుక్కుంటారు. రేపు ఫీజు కట్టాలి, ఎల్లుండి టికెట్ బుక్ చెయ్యాలి అనుకునే వారంలో సిమ్ ముట్టుకోకండి.

మంగళవారం సాయంత్రం మొదటి ఎస్ఎమ్ఎస్ వచ్చింది. అంతకు కొంచెం ముందే సెంటర్ నుంచి మళ్లీ కాల్ వచ్చింది, వడ్లు కాంటా అయ్యాయి. వాన పడలేదు. అదృష్టం తప్ప ఇందులో నా గొప్ప ఏం లేదు.

మనకి తాళం ఎందుకు తెలియదు

నేను ఎందుకు చూడలేదు అని తర్వాత ఆలోచించాను. సాకు కాదు కానీ ఒక కారణం ఉంది. మనం తాళం లేని దేశంలో పెరిగాం. షాపుకి పోతాం, ఫోన్ కొంటాం, ఏ సిమ్ కావాలంటే ఆ సిమ్ వేస్తాం. పది మందిలో తొమ్మిది మందికి ప్రీపెయిడే. ప్రీపెయిడ్‌లో ఒప్పందం లేదు, నెల బిల్లు లేదు. రేపు మీరు రీచార్జ్ చేస్తారో లేదో కంపెనీకి తెలియదు. అలాంటప్పుడు మీ ఫోన్ ఖర్చు అది ఎందుకు భరిస్తుంది? భరించదు కాబట్టి తాళమూ లేదు.

అలాగని మనదేశంలో అసలు తాళాలే లేవని కాదు. 2003లో రిలయన్స్ ‘మాన్‌సూన్ హంగామా’ పేరుతో 501 రూపాయలు కడితే ఫోన్ చేతిలో పెట్టింది. ఊళ్లలో చాలామందికి మొదటి సెల్‌ఫోన్ అదే. సీడీఎమ్ఏ ఫోన్ అది, అందులో సిమ్ అనేదే ఉండేది కాదు, నంబరు ఫోన్‌లోనే రాసి ఉండేది. కంపెనీ మారాలంటే ఫోన్ పారెయ్యాలి. 2008 ఆగస్టులో ఐఫోన్ 3జీ వచ్చినప్పుడు ఎయిర్‌టెల్, వొడాఫోన్‌ల ద్వారానే అమ్మారు. 8 జీబీ ఫోన్ 31,000 రూపాయలు. పూర్తి ధర కట్టించుకుని కూడా వాళ్ల నెట్‌వర్క్‌కే కట్టేశారు. 2017లో జియోఫోన్ వచ్చింది, 1,500 రూపాయల డిపాజిట్, జియో సిమ్ మాత్రమే. 2023లో 999 రూపాయల జియో భారత్ కూడా అంతే. అంటే సూత్రం ఒకటే: ఫోన్ ఖర్చులో ఎవరైనా వాటా భరిస్తే, ఆ వాటా వసూలయ్యేదాకా ఎక్కడో ఒక తాళం ఉంటుంది.

మనకి ఇంకో మేలు కూడా జరిగింది. 2011 జనవరి 20 నుంచి దేశమంతా నంబరు మార్చకుండా కంపెనీ మారే వీలు వచ్చింది. 1900కి ఒక మెసేజ్ కొడితే చాలు. ఫోన్ మనది, నంబరు మనది, కంపెనీ ఒక్కటే మారుతుంది. ఈ మూడూ విడివిడిగా ఉండటం ఎంత పెద్ద స్వేచ్ఛో, అవి మూడూ ఒకచోట ఇరుక్కున్నప్పుడే తెలుస్తుంది.

అమెరికాలో దీనికోసం కొట్లాట కూడా జరిగింది. 2013 జనవరి చివర్లో, కంపెనీ అనుమతి లేకుండా కొత్త ఫోన్ తాళం తీయడం చట్ట విరుద్ధం అయిపోయింది. కాపీరైట్ చట్టం కింద! లక్షకి పైగా జనం వైట్‌హౌస్‌కి పిటిషన్ పెట్టారు. 2014 ఆగస్టు 1న ఒబామా సంతకంతో తాళం తీసుకునే హక్కు తిరిగి వచ్చింది. కెనడా 2017 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోన్లు అమ్మకూడదంది. బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి అదే మాట చెప్పింది. అమెరికాలో మాత్రం బాకీ తీరేదాకా తాళం ఉంచే పద్ధతి ఉంది. అందుకే కెనడా నుంచి వచ్చే ఫోన్‌కి, అమెరికా నుంచి వచ్చే ఫోన్‌కి తేడా ఉంటుంది.

ఫోన్ వచ్చేముందు అడగాల్సినవి

అక్కడి అన్నో, అక్కో ఫోన్ పంపిస్తానంటే మొహమాట పడకుండా నాలుగు మాటలు అడగండి.

ఒకటి, పూర్తి డబ్బు కట్టి కొన్నారా, వాయిదాల మీదా? ‘ఫ్రీ’ అంటే వాయిదాలే. రెండు, క్యారియర్ లాక్ దగ్గర ఏముందో స్క్రీన్‌షాట్ పంపమనండి. ఆండ్రాయిడ్ అయితే వేరే కంపెనీ సిమ్ ఒకటి వేసి చూడమనండి, అంతకంటే నమ్మకమైన పరీక్ష లేదు. తాళం తీయించేది ఉంటే ఫోన్ అక్కడ ఉండగానే తీయించాలి. మూడు, సిమ్ ట్రే ఉందా? లేకపోతే మీ కంపెనీ ఈ-సిమ్ ఇస్తుందో లేదో ముందే కనుక్కోండి. నాలుగు, ఆండ్రాయిడ్ అయితే మన కంపెనీల వీవోఎల్టీఈ పనిచేస్తుందా? ఇది చాలామంది మర్చిపోతారు. తాళం లేకపోయినా, అక్కడి సాఫ్ట్‌వేర్‌లో మన నెట్‌వర్క్ సెట్టింగ్స్ లేకపోతే నెట్ వస్తుంది, కాల్స్ రావు. జియోకి 2జీ, 3జీ లేవు, కాల్ పోవాలంటే వీవోఎల్టీఈ ఉండాల్సిందే. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లకి కింద 2జీ ఉంది కాబట్టి కాల్ కనీసం దాని మీద పోతుంది.

ఇక్కడే సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకి ఒక మాట. అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో కొన్నా, ఊళ్లో దోస్తు దగ్గర కొన్నా, ముందు *#06# కొట్టి ఐఎమ్ఈఐ చూడండి. ఇంగ్లిష్‌లో కేవైఎమ్ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, ఆ 15 అంకెలు రాసి 14422కి మెసేజ్ పంపితే ఆ ఫోన్ ఏ మోడల్, బ్లాక్ అయిందా లేదా చెప్తారు. దొంగ ఫోన్ అయితే తాళం తీసినా లాభం లేదు, ఇక్కడి నెట్‌వర్క్‌లే రానివ్వవు.

ఇక్కడి నుంచి పోయే ఫోన్

ఈ సంగతి ఊళ్లో తెలిసి, మా వీధి చివరింటి అమ్మాయి ఒకరోజు వచ్చింది. వచ్చే నెల డల్లాస్ పోతోంది, ఎమ్మెస్. ‘అన్నా, నా ఫోన్‌కి కూడా అక్కడ ఇట్లనే అయితదా?’ అంది. పోయిన ఏడాది హైదరాబాద్‌లో కొన్న ఇరవై వేల ఆండ్రాయిడ్ ఆమెది. మంచి ప్రశ్న. ఆమె ఫోన్‌కి తాళం లేదు, కానీ వేరే చిక్కు ఉండొచ్చు. బ్యాండ్లు.

టవర్ ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతుందో ఆ ఫ్రీక్వెన్సీ ఫోన్‌కి వినపడాలి. మన దగ్గర 4జీకి ఎక్కువగా బ్యాండ్ 3, 5, 8, 40, 41 వాడతారు. మన కోసం చేసిన ఫోన్లలో ఇవన్నీ ఉంటాయి. అమెరికాలో 2, 4, 66 ముఖ్యం, గోడలు దాటి లోపలికి వచ్చే తక్కువ ఫ్రీక్వెన్సీలు వేరే: టీ-మొబైల్‌కి 12, 71, వెరైజన్‌కి 13. ఇండియా మోడళ్లలో కొన్నిట్లో ఇవి ఉండవు. అప్పుడు బయట ఫుల్ సిగ్నల్, అపార్ట్‌మెంట్ లోపల ఒక గీత. ఇంకోటి, అక్కడ పెద్ద కంపెనీలు మూడూ 2022లో 3జీ మూసేశాయి. కాల్ అంటే ఇక వీవోఎల్టీఈనే. ఏటీ అండ్ టీ తన జాబితాలో ఉన్న మోడళ్లనే ఒప్పుకుంటుంది. మిగతా రెండింటితో పోలిస్తే టీ-మొబైల్ బయటి ఫోన్లకి కాస్త అనుకూలం. దాని టవర్ల మీదే నడిచే మింట్ మొబైల్ లాంటి ప్రీపెయిడ్‌లు కూడా అంతే.

కొత్తగా పోయే స్టూడెంట్‌కి ప్రీపెయిడే సరైన దారి అని నేను చెప్పాను. అక్కడ క్రెడిట్ హిస్టరీ లేనిదే వాయిదాల మీద ఫోన్ ఇవ్వడం కష్టం. ప్రీపెయిడ్‌కి అవేవీ అడగరు. మన ఫోన్, వాళ్ల సిమ్, నెల నెలా డబ్బులు, నచ్చకపోతే మారిపోవచ్చు. అచ్చం వీపనగండ్లలో వాడినట్టే! ఇద్దరం కూర్చుని ఆమె ఫోన్ ఐఎమ్ఈఐ ఆ కంపెనీ సైట్‌లో కొట్టి చూశాం. పనిచేస్తుంది అని వచ్చింది. బ్యాండ్ 12 ఉంది, 71 లేదు. ‘లోపల సిగ్నల్ తక్కువ ఉంటే వైఫై కాలింగ్ ఆన్ చేసుకో’ అని చెప్పాను.

ఇక్కడి నంబరు గురించి కూడా చెప్పాను. వదిలెయ్యకు. బ్యాంకు, లోన్, ఆధార్ అన్నీ దాని మీదే. ప్రీపెయిడ్ సిమ్ 90 రోజులు అసలు వాడకపోతే ఆపేసే హక్కు కంపెనీకి ఉంది. ఆగిపోయిన నంబరు ఇంకో 90 రోజుల తర్వాత వేరేవాళ్లకి పోవచ్చు. ఆ కొత్త మనిషికి మీ ఓటీపీలు పోతాయి. కాబట్టి చిన్న రీచార్జ్ అయినా చేస్తూ ఉండమని వాళ్ల నాన్నకి చెప్పి, తారీఖు క్యాలెండర్ మీద రాయించాను.

వాపస్

తమ్ముడు 711 డాలర్లు కట్టేస్తానన్నాడు. ‘పర్లేదన్నా, అమ్మ కోసం కదా.’ వాడి చదువు అప్పు ఇంకా తీరలేదని నాకు తెలుసు, చిన్నమ్మకీ తెలుసు. స్పీకర్‌లో పెట్టి మాట్లాడించాను.

‘ఎంత?’ అంది.

‘అరవై వేల పైన’ అన్నాను.

‘ఏందీ! తాళం తీస్తందుకా?’ అని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత కొడుకుతో అంది: ‘వద్దు బిడ్డా. ఆ పైసలు నీ అప్పుకు కట్టు. ఫోన్ కొత్తదైతేంది, పాతదైతేంది? నువ్వు చేస్తే మోగాలె, అంతే. మొన్న మోగకపోయె గద, గదే మస్తు భయమైంది.’

అవతల వాడు కూడా మాట్లాడలేదు. ‘సరే అమ్మా’ అన్నాడు చివరికి.

వనపర్తిలో పాత ఫోన్‌కి కొత్త గ్లాసు వేయించాను, నా ఖర్చుతో. అది జరిమానా అనుకోండి. ఇప్పుడు వీడియో కాల్‌లో చిన్నమ్మ మొహం మీద గీత లేదు. ఐఫోన్‌లో ఉన్న ఈ-సిమ్ తీసేసి, మొత్తం రీసెట్ చేసి, బాక్సులో పెట్టాం. వచ్చే నెల చివరింటి అమ్మాయి సూట్‌కేసులో అది డల్లాస్ పోతుంది. అక్కడ తమ్ముడు తీసుకుంటాడు, తన పాత ఫోన్ పక్కన పెట్టి దీన్ని వాడుకుంటాడు, బాకీ తీరేదాకా. అదే సూట్‌కేసుతో పాటు ఆ అమ్మాయి చేతిలో వీపనగండ్ల ఫోన్ ఒకటి పోతుంది, ఏ తాళం లేకుండా, ఏ సిమ్‌కైనా సిద్ధంగా.

మీ ఇంట్లో ఫోన్ ఉంటే ఈ వారం ఆ ఒక్క వరుస తెరిచి చూడండి. పది సెకన్లు. మళ్లీ వచ్చే వారం కలుద్దాం.